రామీరో కొట్టిన రాయి

లక్ష్మీపతికి ఎవరి వంటా నచ్చదు. నచ్చలేదని వాళ్ళ ముఖం మీదే చెబుతాడు. భార్య జ్ఞానప్రసూన ఉన్నన్నాళ్ళూ ఆవిడ వంటకూ వంక పెట్టాడు. ఆవిడ పట్టించుకునేది కాదు. గరిటె చేతికిచ్చి "అయితే మీరే తిప్పండి" అనేది. ఆవిడ పోయాక, డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉన్న తెలుగువాళ్ళు కొన్నాళ్ళు డబ్బాలు పంపారు. పప్పు చప్పగా ఉందని ఒకరికీ, గోంగూరలో నూనె తప్ప గోంగూర లేదని ఇంకొకరికీ ఫోన్ చేసి మరీ చెప్పాడు. డబ్బాలు ఆగిపోయాయి. పీడా వదిలిందనుకున్నాడు.

అలాంటి మనిషి పాంటియాక్‌లో ఒక కొట్టు ముందు నోరు పెగలక నిలబడిపోయాడు.

అక్టోబరులో ఒక రోజు కారు బాగుచేయించుకోవడానికి వెళ్ళాడు ఆ ఊరికి. షెడ్డువాడు కాసేపు ఆగమన్నాడు. బయట చలి కొరుకుతోంది. సందు చివర చిన్న కొట్టు. దాని గొట్టంలోంచి ఆవిరి వస్తోంది. ఆ ఆవిరితో పాటు ఒక వాసన. కొత్తగా సున్నం కొట్టిన గోడ మీద తొలకరి చినుకులు పడితే ఎలా ఉంటుందో అలా ఉంది. అందులోనే ఉడికిన మొక్కజొన్న వాసన. ఈ రెండూ కలిసి ఒక ముక్కుకు తగులుతాయని ఆయన కలలో కూడా అనుకోలేదు. కాళ్ళు వాటంతట అవే అటు నడిచాయి.

లోపల గంగాళాల్లో మొక్కజొన్న నానుతోంది. రాత్రి సున్నపు నీళ్ళలో ఉడికించి, పొద్దున పొట్టు వదిలేదాకా కడిగి, తడి తడిగానే మరలో పోస్తారు. రెండు నల్లరాళ్ళ మధ్య నలిగి మెత్తని ముద్ద బయటికి వస్తుంది. దాన్ని వాళ్ళు మాసా అంటారు. ఆ ముద్దను ఉండలు చేసి, వత్తి, పెనం మీద వేస్తే టోర్టియా.

పెనం దగ్గర నిలబడ్డ ఆవిడ పేరు ఒఫీలియా. యాభై అయిదు దాటి ఉంటాయి. ఏం కావాలని అడగలేదు. పెనం మీది రొట్టె తీసి చేతిలో పెట్టింది.

"ముందు తిను. తర్వాత మాట్లాడు."

పొట్లంలో వచ్చే టోర్టియా ఆయనకు తెలుసు. తడి అట్టముక్క. వంక పెట్టడానికి నోరు తెరిచాడు. నోట్లో రొట్టె ఉంది. నమిలి మింగి మళ్ళీ తెరిచాడు. వంక దొరకలేదు.

పల్నాటి పిల్లవాడు ఆయన. జొన్నరొట్టె తిని పెరిగాడు. గింజ పిండయిన పూటే రొట్టె కావాలి. మర్నాటికి పిండిలో జిగి చస్తుంది, తడితే అంచులు విచ్చుకుంటాయి. అమెరికాలో ఇండియన్ స్టోర్ జొన్నపిండి ఓడలో నిద్రపోయి, గోడౌన్‌లో నిద్రపోయి, వంటింటికొచ్చేసరికి శవమవుతుంది. జ్ఞానప్రసూన ఎన్నిసార్లు తట్టినా ముక్కలే. చివరికి ఆవిడ మానేసింది. ఇక్కడ, ఇంత చలిలో, ఎవరిదో గింజతో, ఎవరిదో సున్నంతో, ఆ జిగి బతికి ఉంది. లక్ష్మీపతి చేతిలోని రెండో రొట్టెను తిరగేసి మరగేసి చూశాడు. గుళ్ళో కూడా ఆయన అంతసేపు దేన్నీ చూసి ఎరగడు.

ఆ రోజు నుంచి వేరే తిండి మానేశాడు. వారం వారం వెళ్ళి టోర్టియాలు, ఒక ముద్ద మాసా తెచ్చుకునేవాడు. మొదటిసారి తెచ్చిన ముద్దను మాత్రం ఓవెన్‌లో లైటు వేసి రాత్రంతా ఉంచాడు. అమెరికాలో ఏ తెలుగువాడైనా చేసే పనే. ఇడ్లీ పిండి అలాగే పులుస్తుంది మరి. పొద్దున మూత తీస్తే కుడితి వాసన. తగవుకి బయల్దేరాడు. ఒఫీలియా విని, వెనక్కి తిరిగి కొట్టులో వాళ్ళందరికీ స్పానిష్‌లో చెప్పింది. కొట్టు కొట్టంతా నవ్వింది.

"దాన్ని నిద్రపుచ్చావా? జోలపాట కూడా పాడావా? సెన్యోర్, మాసాకి రేపు లేదు. ఈ రోజే."

నవ్వినందుకు రెండు వారాలు వెళ్ళలేదు. మూడో వారం వెళ్ళాడు. ఆకలికి పౌరుషం లేదు.

* * *

నవంబరు చివర థాంక్స్‌గివింగ్ దాటేసరికి రొట్టెలో తేడా వచ్చింది. నాలుక మీద బరక. ముద్ద వేడిగా, నీరసంగా ఉంటోంది. ఇంటికి తెచ్చి వత్తితే అంచులు చిట్లుతున్నాయి. ఇంతకాలానికి వంక దొరికింది. లక్ష్మీపతికి సంతోషం కలగలేదు. అది ఆయనకే వింతగా ఉంది.

"నీ ముద్ద చెడింది," అన్నాడు ఒఫీలియాతో.

"నాకు తెలియదనుకున్నావా?" అంది ఆవిడ. పెనం మీద రొట్టె మాడుతున్నా తియ్యలేదు. "రాళ్ళు అరిగిపోయాయి. మా ఆయన రామీరో ఉలితో కొట్టి గరుకు తెచ్చేవాడు. ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు."

"ఎక్కడున్నాడు?"

"ఏప్రిల్‌లో పోయాడు. గుండె."

"నా భార్య కూడా పోయింది."

"అయితే నీకు తెలుసు."

"నాకేం తెలియదు," అన్నాడు లక్ష్మీపతి. తెలుసని ఒప్పుకుంటే ఇద్దరూ కూర్చుని ఏడవాలి. ఆయనకు అది కుదరదు.

మిగతా కథ ఆవిడే చెప్పింది. ఈ చుట్టుపక్కల పచ్చి మాసా రుబ్బే మర ఇదొక్కటే. వీధిలోని రెండు హోటళ్ళు, ఇళ్ళలో రొట్టెలు చేసి అమ్మే ఆడవాళ్ళు, అందరూ ఇక్కడి ముద్ద మీదే బతుకుతారు. క్రిస్మస్ ముందు రోజుకి ప్రతి ఇంట్లో తమాలెస్ చెయ్యాలి. మాసాలో కూర పెట్టి, పొత్తు మీది రేకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు, జ్ఞానప్రసూన పుట్టింటివైపు పనసాకుల్లో ఇడ్లీ పిండి పోసి పొట్టిక్కలు ఉడికించినట్టు. ఇరవై మూడో తారీకు పొద్దున్నే బకెట్లు పట్టుకుని వరుస కడతారు. ఆ రోజు ముద్ద చెడితే, ఆ ఇళ్ళు మళ్ళీ ఈ గుమ్మం ఎక్కవు. సంచుల్లో ఎండు పిండి అమ్మే కంపెనీ మనిషి ఇప్పటికే రెండుసార్లు వచ్చాడు. మర తీసి పారేస్తే కలిపే యంత్రం ఉచితంగా ఇస్తానన్నాడు. రాళ్ళు కొట్టే మనిషి చికాగో నుంచి రావాలి, జనవరి దాకా రాలేనన్నాడు.

"ఇరవై మూడున చూస్తాను. ముద్ద రాకపోతే ఇరవై ఆరున వాణ్ణి రమ్మంటాను. మర ఇనప్పాత సామాన్లవాడికి వేస్తాను."

ఆవిడ మర విప్పి చూపించింది. చక్రాల్లాంటి రెండు నల్లరాళ్ళు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. అగ్నిపర్వతం కక్కిన రాయి, ఒళ్ళంతా చిల్లులు. లక్ష్మీపతి అరచేయి పెట్టి రుద్దాడు. నున్నగా జారింది.

ఆయన తండ్రి రాళ్ళు కొట్టేవాడు. సుత్తి, ఉలి సంచిలో వేసుకుని ఊరూరా తిరిగి, తిరగళ్ళకు గంట్లు పెట్టేవాడు. ఆ మాట దాచుకునే రకం కాదు లక్ష్మీపతి. ట్రాయ్ పార్టీల్లో, ఎవరైనా తాతలనాటి మాగాణి గురించి మొదలెట్టగానే, "మా నాన్న రాళ్ళు కొట్టేవాడండీ" అని అందరికీ వినబడేట్టు అనేవాడు. వాళ్ళ బిర్యానీ చేదెక్కాలని. ఆ రాతి దుమ్మే తండ్రి ఊపిరితిత్తులను తినేసింది. ఊళ్ళో దాన్ని దమ్మన్నారు. అందుకే కొడుకు బడికి పోయాడు, పాలిటెక్నిక్‌కి పోయాడు, డెట్రాయిట్ ప్లాంటులో చేరాడు. అక్కడా ఆయనకు దక్కింది గ్రైండింగ్ డిపార్ట్‌మెంటే. బతుకంతా తిరిగే రాళ్ళకు ఇనుము పట్టాడు. ఉలి మాత్రం మళ్ళీ ముట్టలేదు.

"నేను కొడతాను," అన్నాడు. అన్నాక ఆ మాట ఎవరిదా అని చూసుకున్నాడు.

* * *

ఇరవై రెండున పొద్దుటే జగన్మోహన్ కారులో తీసుకెళ్ళాడు. జగన్మోహన్ రిటైరైన డాక్టరు. లక్ష్మీపతిని ఇంకా పలకరిస్తున్న ఒకే ఒక్క తెలుగువాడు. అలవాటు కొద్దీ అంతే.

"ఈ వయసులో ఇదేం వర్క్ గురూ? ఆ షోల్డర్ కాస్తా జామ్ అయితే ఫిజియో దగ్గరికి నేనే డ్రైవ్ చేయాలి."

"నువ్వు రిటైరయ్యావుగా డాక్టరూ. ఇంకా భయపెడతావేం?"

"అలవాటు. ప్రాక్టీస్‌లో ఉన్నప్పుడూ నా మాట ఎవడూ విన్లేదు. పేషెంట్లంతా నీలాంటి మొండివాళ్ళే. ఇదిగో, మాస్క్. కోవిడ్ అప్పటివి, బాక్స్ మిగిలింది. తీస్తే మాత్రం నిన్ను ఇక్కడే వదిలేసి పోతాను. మీ నాన్న సంగతి నువ్వే చెప్పావు."

లక్ష్మీపతి మాస్కు పెట్టుకున్నాడు. హార్డ్‌వేర్ స్టోర్‌లో కొన్న సుత్తి, ఉలి తీశాడు. ఒఫీలియా తమ్ముడు ఉదయాన్నే వచ్చి రెండు రాళ్ళనూ మరలోంచి దించి, పెనం పక్కన గోనె మీద పరిచి, తన పనికి పోయాడు.

మొదటి దెబ్బకు ఉలి జారింది. రెండో దెబ్బకు చెయ్యి గుర్తు తెచ్చుకుంది. టక్, టక్, టక్. మణికట్టు వదులుగా, సుత్తి బరువే పని చేసేట్టు. ఎవరు నేర్పారని అడిగితే చెప్పలేడు. తండ్రి నేర్పలేదు. పక్కన కూర్చోబెట్టుకుని తిట్టాడంతే. ఆ తిట్లు ఇన్నేళ్ళు ఎముకల్లో దాక్కుని, ఇప్పుడు చేతి చివరికి వచ్చాయి. ఒక రాయి నిండా దగ్గర దగ్గరగా గంట్లు పెట్టాడు, తిరగలికి పెట్టినట్టే. రెండో రాయి తుడిచి ఊరుకున్నాడు. ఒక దాని గరుకు చాలనుకున్నాడు.

ఒఫీలియా తమ్ముడు మధ్యాహ్నం తిండికి వచ్చి రాళ్ళు బిగించి ఇచ్చాడు. ఆవిడ మర వేసి మొక్కజొన్న పోసింది. మర మూలిగింది. ముద్ద రాలేదు. వచ్చిన కాస్తా నలగని గింజలతో, పొగలు కక్కుతూ వచ్చింది. మాడు కంపు. ఒఫీలియా మర ఆపేసింది. ఆ ముద్ద వేళ్ళతో తీసి చూసింది.

"ఇది రొట్టెకు కాదు, గోడకు పూయడానికి."

"నీ గింజ ఉడకలేదు," అన్నాడు లక్ష్మీపతి.

ఆవిడ గంగాళంలోంచి ఒక గింజ తీసి, గోటితో చీల్చి, ఆయన ముక్కు కింద పెట్టింది. లోపలిదాకా ఉడికి ఉంది. ఆవిడ పెనం దగ్గరికి పోయి వెనక్కి తిరిగి నిలబడింది. వీపు చూస్తే తెలిసిపోతోంది, మనసులో అప్పుడే కంపెనీవాడికి ఫోన్ చేసేసింది.

జగన్మోహన్ మెల్లగా అన్నాడు: "పోనీలే గురూ. ట్రై చేశావు."

"ట్రై చేయడానికి నేనేం ఇంటర్వ్యూకి రాలేదు," అని కసిరాడు లక్ష్మీపతి. గోనె మీద కూలబడ్డాడు. కోపం తగ్గేదాకా ఆగాడు. తగ్గలేదు గాని దాని వెనకాల ఆలోచన వచ్చింది. తిరగలిలో పడేది పొడి గింజ. గంట్లో పడి విరుగుతుంది, తిరుగుతూ అంచుకు రాలుతుంది. తడి ముద్ద అలా కాదు. గంట్లో కూర్చుంటే ఇక లేవదు. దానికి దారి కావాలి. నాన్న జన్మలో తడి రాయి తిప్పే మర చూడలేదు. నాన్న పెట్టిన గంట్లు ఇక్కడ గోతులు.

దారి ఎలా ఉండాలో మాత్రం తెలియదు.

రాళ్ళు మళ్ళీ దించారు. అంటుకున్న ముద్ద కడుగుదామని పక్కనున్న బకెట్ ఎత్తి, తను కొట్టని రాయి మీద కుమ్మరించాడు.

"అవి సున్నపు నీళ్ళు!" అని అరిచింది ఒఫీలియా. "మంచినీళ్ళు కావు! నీకు కళ్ళు లేవా?"

"రాయికి సున్నం తగిలితే చస్తుందా?" అని ఆయనా అరిచాడు. గుడ్డతో ఒకసారి తుడిచి, విసిరికొట్టి, బయటికి పోయాడు. మంచులో నిలబడ్డాడు. ఇంటికి పోదామనుకున్నాడు. కారు తాళాలు జగన్మోహన్ దగ్గరున్నాయి. ఆ కాసింత అడ్డమే లేకపోతే పోయేవాడే.

లోపలికి వచ్చేసరికి పెనం వేడికి రాయి ఆరిపోయింది. లక్ష్మీపతి దాని వంక చూసి, ఉన్న చోటే ఆగిపోయాడు.

నల్లరాయి మీద తెల్లటి గీతలు తేలి ఉన్నాయి.

అరిగి నున్నబడ్డ చోట సున్నం గుడ్డకు పోయింది. కంటికి ఆననంత లోతు మిగిలిన చోట నిలిచిపోయింది. మధ్యలో గింజ పడే కన్ను దగ్గర మొదలై, కాస్త పక్కకు ఒరిగి, అంచు దాకా సాగిన గీతలు. ఒకటి కాదు, రాయంతా. కన్ను దగ్గర వెడల్పు, పోను పోను సన్నమై, అంచుకు చేరేసరికి వెంట్రుకంత. నీళ్ళు పొలంలోకి పారించే కాలవల్లా ఉన్నాయి. పువ్వు విచ్చినట్టూ ఉంది. ఏ స్కేలూ పెట్టలేదు. చేతితో కొట్టినవి. అయినా ఒక దాని పక్కన ఒకటి ఒద్దికగా ఒరిగి ఉన్నాయి.

"డాక్టరూ, ఫోన్ లైటు వెయ్. పైనుంచి కాదు, పక్కనుంచి. కిందికి పట్టు."

జగన్మోహన్ మోకాళ్ళ మీద కూర్చుని లైటు పట్టాడు. గీతలు నీడలు దాల్చాయి.

"ఎక్స్‌రేలా ఉంది గురూ."

లక్ష్మీపతి వేలితో ఒక్కో గీత వెంబడే పోయాడు. పోయినవాడు ఏం ఆలోచించాడో వేలికి తెలుస్తోంది. ఇక్కడ ఉలి మార్చాడు. ఇక్కడ చెయ్యి అలిసింది, ఆగి మళ్ళీ మొదలెట్టాడు. ఇక్కడ రాయిలో గట్టి బొడిపె అడ్డొచ్చింది. పగలగొట్టలేదు. దాని పక్కగా గీతను వంచి తీసుకెళ్ళి, మళ్ళీ దారిలో పెట్టాడు. ఎదుటివాడి పని చూసి లక్ష్మీపతి ఒళ్ళు జలదరించడం అదే మొదలు.

"ఒఫీలియా," అని పిలిచాడు. పేరుతో పిలవడమూ అదే మొదలు. "ఇటు రా."

ఆవిడ వచ్చింది. చూసింది. గరిటె పక్కన పెట్టి, ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకుంది.

"ఈ వంపు చూడు," అన్నాడాయన. "రాయి మొండికేసింది. మీ ఆయన దాన్ని తప్పించి పోయాడు."

"ఆ రోజంతా దాన్ని బూతులు తిట్టాడు," అంది ఒఫీలియా. "రాత్రి భోజనం దగ్గర కూడా తిట్టాడు. రాయిని తిడతావేం పిచ్చోడా అన్నాను." ఆవిడ వేలు ఆ వంపులో పెట్టింది. తియ్యలేదు.

"మంచి పనివాడు," అన్నాడు లక్ష్మీపతి. ఆ మాట తండ్రి గురించి కూడా ఎవరితోనూ అనలేదు.

ఆ గీతల మీదే ఉలి పెట్టాడు. కొత్తగా ఏదీ గీయలేదు. రామీరో ఎక్కడ ఆగితే అక్కడ ఆగాడు, ఎక్కడ వంగితే అక్కడ వంగాడు. బొడిపె దగ్గర ఊపిరి బిగబట్టి పక్కగా పోయాడు. మధ్యలో భుజం పట్టేసింది. సుత్తి ఒఫీలియా చేతికిచ్చాడు.

"నాకు రాదు."

"రాదని తెలుసు. కొట్టు. మోచెయ్యి ఎత్తకు. అది రొట్టెల కర్ర కాదు. మెల్లగా! రాయికి నొప్పి పుట్టకూడదు, నిద్ర లేవాలంతే."

"ఇలా తిడితే నేను మానేస్తా."

"మానెయ్. కంపెనీవాడు ఉన్నాడుగా."

ఆవిడ స్పానిష్‌లో ఏదో అంది. దాని అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. కాని సుత్తి ఆపలేదు.

ఇంకో రాయిని పొద్దున ఆయనే గంట్లు పెట్టి పాడుచేశాడు. దాని మీదా ఇవే గీతలు పడాలి. ఇటు ఒరగాలా, అటు ఒరగాలా? తప్పితే రాళ్ళు రెండూ పోయినట్టే. జగన్మోహన్ లేచి, పెనం పక్కనున్న రెండు టోర్టియాలు తెచ్చాడు. గోటితో రెంటి మీదా ఒకే వాలుగా గీతలు గీశాడు. ఒక దాన్ని బోర్లించి రెండో దాని మీద పెట్టి, లైటుకు ఎత్తి చూపాడు. గీతలు ఒక దాన్నొకటి అడ్డంగా కోస్తున్నాయి, కత్తెర రెండు రేకుల్లా.

"రెంటికీ ఒకటే డైరెక్షన్. ఎదురు పెడితే దానంతటదే క్రాస్ అవుతుంది. అనాటమీలో మార్కులు ఊరికే రాలేదు నాకు," అంటూ రెండు రొట్టెలూ మడిచి నోట్లో పెట్టుకున్నాడు.

"నమూనా తినేశావేంట్రా!"

"ఆకలి గురూ. పొద్దుట్నుంచి నీ లైట్ అసిస్టెంట్‌ని."

సాయంత్రానికి గంట్లు చదును చేసి ఆ రాయీ ముగించారు. రాళ్ళు బిగించారు గాని ఒఫీలియా మర వెయ్యలేదు. కడిగిన గింజ అయిపోయింది. రేపటిది ఇంకా గంగాళంలో నానాలి. పొద్దున జనం ముందే తేలాలి.

* * *

మర్నాడు వెలుగు రాకముందే వీధిలో వరుస కట్టారు. బకెట్లు, స్టీలు గిన్నెలు, కూలర్ డబ్బాలు. ఆడవాళ్ళ ఊపిరి పొగలా లేస్తోంది. వరుసలో అందరికంటే ముందు ఒక ముసలావిడ, భుజాల మీద ఊలు శాలువా, చేతిలో తెల్ల బకెట్.

"ఆవిడ చెడిందంటే వీధంతా చెడిందంటుంది," అంది ఒఫీలియా లోగొంతుకతో.

మర వేసింది. పై గరాటులో గింజ పోసింది. రాళ్ళు అందుకున్నాయి. నిన్నటి మూలుగు లేదు. లోతుగా, వరసగా ఒకే శ్రుతిలో తిరుగుతున్నాయి.

ముందు ఏమీ రాలేదు. అయిపోయిందనుకున్నాడు. అంతలో రాళ్ళ అంచు చుట్టూ లేత పసుపు అంచు ఒకటి కనబడింది. చుట్టూరా ఒకేసారి, ఎవరో లోపలినుంచి మెల్లగా తోస్తున్నట్టు. అది పెరిగి, మడతలుగా వంగి, తొట్టిలోకి జారింది. చల్లగా, మెత్తగా. ఆగకుండా వస్తూనే ఉంది. గింజగా పోయింది ముద్దగా మారి వస్తోంది. మధ్యలో ఏం జరుగుతోందో కంటికి కనబడదు. ఆయన తన బతుకంతా యంత్రాల పక్కన గడిపాడు. యంత్రం ముందు చేతులు జోడించాలనిపించడం ఎన్నడూ లేదు. ఇప్పుడు అనిపించింది. జేబుల్లో పెట్టుకున్నాడు.

ముసలావిడ కౌంటర్ మీదుగా చెయ్యి చాపి, ముద్దలోంచి చిటికెడు తీసింది. వేళ్ళ మధ్య నలిపింది. ఉండ చేసింది. అరచేతిలో పెట్టి రెండో అరచేత్తో వత్తింది. తెరిచి చూసింది. అంచు ఎక్కడా చిట్లలేదు. నాలుక మీద పెట్టుకుంది. కొట్టులో ఎవరూ కదల్లేదు.

ఆవిడ మెచ్చుకోలేదు. తెల్ల బకెట్ ముందుకు తోసింది.

"నింపు."

వెనక వరుస అంతా ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టింది. ఒఫీలియా ముఖం తుడుచుకోకుండానే పార తీసి బకెట్ నింపింది. తర్వాత ఇంకొకటి. తర్వాత ఇంకొకటి.

కాస్త ఊపిరి దొరికాక అడిగింది: "ఇవి ఎన్నాళ్ళు ఆగుతాయి?"

"రాయి ఖాళీగా తిప్పకపోతే చలికాలం గట్టెక్కుతుంది."

"తర్వాత?"

"తర్వాత నువ్వు కొడతావు. నేను పక్కన కూర్చుని తిడతాను."

"నువ్వు పోతే?"

"అప్పటికి నీకు తిట్లు కూడా వచ్చేస్తాయి."

ఆవిడ ఇంకేదో అనబోయింది. తొట్టి నిండి పొర్లుతోంది. వరుసలోంచి ఒక పొట్టావిడ వచ్చి, ఈయనెవరని అడక్కుండానే, తన బకెట్ లక్ష్మీపతి చేతుల్లో పెట్టి, పట్టుకోమని తొట్టి వైపు చూపించింది. ఆయన వంగి బకెట్ పట్టాడు. పసుపు ముద్ద దాని నిండా జారుతోంది. చేతులకు బరువు తెలుస్తోంది. ఆ రాళ్ళ వంక చూస్తూ అలాగే పట్టుకుని ఉన్నాడు, నిండిందని ఆ పొట్టావిడ మోచేత్తో పొడిచేదాకా.